మేకుల చాటున నాణేలు: ఒక కొత్త మధ్యశ్రేణి మెటల్ డిటెక్టర్ పరీక్షపై కేస్ స్టడీ

నాణేల అన్వేషణ నేర్చుకునేవారికి శిక్షణ ఇవ్వడం, వారి పరికరాలను పరీక్షించి అమరికలు సరిచేసుకోవడంలో తోడ్పడటం నా పని. ఈ కేసును రాసిపెట్టడానికి కారణం ఇందులో పరికరం చెడిపోలేదని తేలడం ఒక్కటే కాదు. దాన్ని వాడిన మహిళ ఈ పనికి కొత్తవారు కారు. సలహా ఇవ్వవలసిన నేను కూడా మొదట తప్పుదారి పట్టి ఆమె చేత రెండు రోజులు వృథాగా తవ్వించాను. వ్యక్తిని, స్థలాన్ని గుర్తుపట్టగల వివరాలనూ పరికరాల పేర్లనూ వదిలేశాను. అంకెలు మాత్రం ఆమె నోటుపుస్తకం నుంచి, నా పరీక్ష పత్రాల నుంచి తీసుకున్నవే.

నేపథ్యం

ఆమె నాలుగేళ్లుగా ఒకే ఫ్రీక్వెన్సీపై పనిచేసే ప్రారంభస్థాయి డిటెక్టర్ వాడుతున్నారు. వెతికేది ఎక్కువగా ఒకే చోట: ఒకప్పుడు ఏటా సంతలు జరిగిన ఒక పచ్చిక మైదానంలో, యజమాని రాతపూర్వకంగా ఇచ్చిన అనుమతితో. సంతలు జరిగిన నేలలో నాణేలు ఎందుకు దొరుకుతాయో, అక్కడే మేకులూ గుర్రపు నాడాల ముక్కలూ సీసా మూతలూ ఎందుకు దొరుకుతాయో వేరే చెప్పనక్కర్లేదు. డేరాలు వేసినవారు, బళ్లు నిలిపినవారు, డబ్బు చేతులు మార్చుకున్నవారు ఒకే నేల మీద తిరిగారు.

ఆమెకు ఒక మంచి అలవాటు ఉంది. తవ్విన ప్రతి వస్తువుకూ తేదీ, లోతు, అది ఏ లోహమో సూచిస్తూ యంత్రం తెరపై కనిపించిన సంఖ్య, అసలు లోహం రాసుకుంటారు. ఆ పుస్తకం ప్రకారం నాలుగేళ్లలో ఆ మైదానంలో దొరికిన నాణేలు 212. వాటిలో పదింటికి ఏడు రాగివి, మిగిలినవి వెండివి, రాగి–నికెల్ మిశ్రమంవి. మొదటి ఏడాది 94 దొరికితే నాలుగో ఏడాది 19 మాత్రమే దొరికాయి. చేతిలో ఉన్న యంత్రం శక్తి అయిపోయిందని భావించి ఆమె మధ్యశ్రేణి డిటెక్టర్ ఒకటి కొన్నారు. ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలు పంపడం, ఒక లోహపు సిగ్నల్ తర్వాత మరొకదానికి ఎంత త్వరగా సిద్ధం కావాలో నిర్ణయించే రికవరీ స్పీడును మార్చుకునే వీలు, ఏ సంఖ్య దగ్గర ఏ శబ్దం రావాలో వాడేవారే నిర్ణయించుకునే టోన్ బ్రేకులు, నేలకు దగ్గరగా ఊపే 11 అంగుళాల చక్రం, అంటే డబుల్ డీ రకం కాయిల్, దీని ప్రధాన లక్షణాలు.

సమస్య

కొత్త యంత్రంతో ఆమె అదే మైదానానికి మూడుసార్లు వెళ్లారు. మొత్తం 11 గంటలు వెతికి 63 గుంతలు తవ్వితే రెండు నాణేలు దొరికాయి. మిగిలినవన్నీ పెద్ద మేకులు, నలిగిన రేకు ముక్కలు, తుప్పుపట్టిన మూతలు. "నేల అదే, మనిషిని నేనే. మారింది యంత్రం ఒక్కటే కదండీ" అని ఆమె నాతో అన్నారు. ఆ వాదన వినడానికి బిగువుగానే ఉంది. కానీ అందులో ఒక లోపం ఉంది, దాన్ని నేను వెంటనే పట్టుకోగలిగాను: నేల అదే కాదు. నాలుగేళ్లు వెతికిన నేలలో పాత యంత్రానికి తేలికగా అందే నాణేలు దాదాపు అయిపోయి ఉంటాయి. మిగిలి ఉండేవి ఆ యంత్రం అందుకోలేనివి, అంటే మరీ లోతున ఉన్నవో, నిలువుగా నిలబడి ఉన్నవో, ఇనుము పక్కన దాగి ఉన్నవో. కాబట్టి మొదటి ఏడాది పంటతో ఈ మూడు రోజుల పంటను పోల్చకూడదు; నాలుగో ఏడాది పంటతో పోల్చవచ్చు. నాలుగో ఏడాదిలో ఆమెకు సగటున ఆరు గంటలకొక నాణెం దొరికింది. కొత్త యంత్రంతో ఐదున్నర గంటలకు ఒకటి. లెక్క ఇలా చూస్తే యంత్రం అధ్వాన్నంగా ఏమీ లేదు, అలాగని మెరుగ్గానూ లేదు. అసలు ప్రశ్న 63 గుంతల గురించి. నాలుగో ఏడాదిలో ఒక నాణేనికి ఆమె తవ్విన గుంతలు తొమ్మిది కాగా, ఇప్పుడు ముప్పైకి మించాయి.

ఇంకొక ఆధారం కూడా ఆ మొదటి రోజే నా చేతిలో ఉంది. దొరికిన రెండు నాణేలూ పెద్దవి, వెండివి. పదింటికి ఏడు రాగి నాణేలు ఇచ్చిన నేలలో 63 గుంతలకు ఒక్క రాగి నాణెమూ రాలేదు. ఆ వాక్యాన్ని నా పత్రంలో రాసుకుని కూడా దాని అర్థం ఆలోచించలేదు. దానికి చెల్లించిన మూల్యం గురించి కింద వస్తుంది.

చేసిన ప్రయత్నాలు, ఫలించనివి

నా దగ్గరికి రాకముందే ఆమె చేయగలిగినవి చేశారు: సాఫ్ట్‌వేరును తాజా చేశారు, యంత్రాన్ని రెండుసార్లు ఫ్యాక్టరీ అమరికలకు తెచ్చారు, బలహీనమైన సిగ్నళ్లను కూడా పట్టించే సెన్సిటివిటీని చివరికంటా పెంచారు, గోల తగ్గడం కోసం ఇనుపు సంఖ్యలన్నీ డిస్క్రిమినేషన్‌లో, అంటే ఎంచుకున్న సంఖ్యలకు శబ్దం రాకుండా చేసే అమరికలో, మూసేశారు. చివరి రెండూ ఒకదానికొకటి ఎదురెదురుగా లాగే పనులు. చెవి దగ్గర అరిచేవారి గొంతు పెంచి, మన చెవిలో దూది పెట్టుకోవడం లాంటిది.

నేను మొదట గాలిలో పరీక్ష పెట్టాను. కాయిల్‌ను కదలకుండా ఉంచి దాని ముందు ఒక రాగి నాణేన్ని ఊపుతూ ఎంత దూరం వరకు శబ్దం వస్తుందో కొలవడం ఇది. పాత యంత్రం 24 సెంటీమీటర్ల దాకా, కొత్తది 31 సెంటీమీటర్ల దాకా నాణేన్ని పట్టుకున్నాయి. దీనితో కాయిల్, సర్క్యూట్ సరిగానే ఉన్నాయని తేలింది. అంతవరకు నా నిర్ధారణ సరైనదే. కానీ అక్కడినుంచి ఒక అడుగు ఎక్కువ వేశాను: కొత్తదానికి లోతు ఎక్కువ, పాతదానికి అందనివి లోతున ఉన్నవే అయి ఉండాలి, కాబట్టి ఇంకా లోతుకు వెళ్లే సాధనం కావాలి అని. ఆమె నోటుపుస్తకంలో నాలుగో ఏడాది నాణేల లోతు 15 నుంచి 18 సెంటీమీటర్ల మధ్య ఉండటం నా ఊహకు బలం ఇచ్చింది. నా దగ్గరున్న 15 అంగుళాల కాయిల్‌ను ఆమెకు ఇచ్చి పంపాను.

రెండు రోజుల తర్వాత ఆమె తెచ్చిన ఫలితం: 41 గుంతలు, ఒక వెండి నాణెం, సంచి నిండా ఇనుము. భుజం నొప్పి అదనం.

ఇది ఎందుకు విఫలమైందో చెప్పడానికి రెండు విషయాలు వివరించాలి. మొదటిది లోతుకు సంబంధించిన లెక్క. కాయిల్ పంపే అయస్కాంత క్షేత్రం నాణెంలో సుడులు తిరిగే విద్యుత్ ప్రవాహాలను పుట్టిస్తుంది, ఆ ప్రవాహాలు పుట్టించే చిన్న క్షేత్రం తిరిగి కాయిల్‌ను చేరుతుంది. కాయిల్ పరిమాణాన్ని మించిన దూరాలలో ఈ క్షేత్రం వెళ్లేటప్పుడు దూరపు ఘనానికి విలోమంగా తగ్గుతుంది, వచ్చేటప్పుడు మళ్లీ అంతే తగ్గుతుంది. అంటే లోతు రెండింతలైతే తిరిగి వచ్చే సిగ్నల్ సుమారు 64వ వంతుకు పడిపోతుంది. అందువల్లే సెన్సిటివిటీని ఎంత పెంచినా, కాయిల్‌ను ఎంత పెద్దది చేసినా, అదనంగా దొరికే లోతు సెంటీమీటర్లలోనే ఉంటుంది. రెండో విషయం ఇంకా ముఖ్యమైనది. కాయిల్ పెద్దదయ్యే కొద్దీ దాని కింద ఒకేసారి చేరే మేకుల సంఖ్య పెరుగుతుంది. ఆ మైదానంలో ఒక ఊపులో ఎన్ని ఇనుపు శబ్దాలు వస్తాయని నేను ఆమెను అడగనే లేదు. అడిగి ఉంటే, అడుగడుక్కీ మూడు నాలుగు వస్తాయన్న సమాధానం అప్పుడే వచ్చేది, పెద్ద కాయిల్ పెట్టె దాటి బయటికి వచ్చేది కాదు.

పొలంలో ఒక రోజు

నిర్ణయాలు బల్ల దగ్గర కూర్చుని తీసుకోవడం మానేసి, ఆ తర్వాతి వారం ఆమెతో కలిసి మైదానానికి వెళ్లాను. కాయిల్‌ను మళ్లీ 11 అంగుళాలకు మార్చాం.

యంత్రం ఎడతెగకుండా చిటపటలాడుతోంది. దీనికి రెండు కారణాలు ఉండవచ్చు: నేలలోని ఇనుము, ఖనిజాలు ఒకటి, చుట్టుపక్కల విద్యుత్ పరికరాల నుంచి వచ్చే అలజడి మరొకటి. వీటిని వేరుచేయడానికి కాయిల్‌ను నడుము ఎత్తున కదలకుండా పట్టుకుంటే చాలు. అలజడి విద్యుత్తుదైతే కదలకపోయినా శబ్దం వస్తూనే ఉంటుంది, నేలదైతే ఆగిపోతుంది. ఆగలేదు. మైదానం ఒక అంచున కరెంటు తీగలు వెళ్తున్నాయి, ఆమె జేబులో ఫోను ఉంది. ఫోనును సంచిలో పెట్టి సంచిని దూరంగా ఉంచాం, యంత్రంలోని నాయిస్ క్యాన్సిల్‌ను నడిపాం, సెన్సిటివిటీని పూర్తి స్థాయిలో మూడింట రెండు వంతులకు తగ్గించాం. శబ్దం అణిగింది. సెన్సిటివిటీ తగ్గిస్తే లోతు పోతుందని ఆమె భయపడ్డారు. పైన చెప్పిన లెక్క ప్రకారం పోయే లోతు కొద్దిపాటిదే, కానీ గోలలో కలిసిపోయిన సన్నని సిగ్నల్‌ను ఎంత లోతునుంచి వచ్చినా చెవి పట్టుకోలేదు.

ఇనుము లేని చోటు ఒకటి వెతికి, కాయిల్‌ను నేలకేసి పైకీ కిందికీ ఆడిస్తూ గ్రౌండ్ బ్యాలెన్స్ చేశాం, అంటే నేలలోని ఖనిజాల సిగ్నల్‌ను పట్టించుకోకుండా యంత్రాన్ని సర్దాం. దీన్ని ఆమె మొదటి మూడు రోజుల్లోనూ చేయలేదట. ఆమె పాత యంత్రంలో ఆ సదుపాయమే లేదు, కొత్తదానిలో ఉన్న సంగతి దాని వాడుక పుస్తకంలో చదివినా అక్కర్లేదనుకున్నారు.

ఇంత చేసినా తవ్వితే ఇనుమే వస్తోంది. అప్పుడు నేను ఆమెను తవ్వకుండా నడవమన్నాను, నేను ఒక హెడ్‌ఫోన్ చెవిలో పెట్టుకుని పక్కన నడిచాను. పది నిమిషాలు గడవకముందే ఒక చోట అటూ ఇటూ ఒకేలా, గుండ్రంగా, మొరటు గొంతుతో ఒక శబ్దం వచ్చింది. తెర మీద సంఖ్య 64. ఆమె ఆగకుండా ముందుకు సాగిపోయారు. "దాన్ని ఎందుకు వదిలేశారు?" అని అడిగాను. "అది ఇనుపు శబ్దం కదండీ" అన్నారు.

64 ఇనుపు సంఖ్య కాదు. శబ్దం మాత్రం ఇనుముదే. యంత్రం అమరికలు తెరిచి చూస్తే టోన్ బ్రేకు 78 దగ్గర పెట్టి ఉంది: దానికి పైనున్నవి మోగుతాయి, కిందివి గుర్రుమంటాయి. అది ఆమె పాత యంత్రపు అమరిక. పాత యంత్రంలో రాగి నాణేలు 78 నుంచి 82 మధ్య, వెండివి 84 నుంచి 88 మధ్య పలికేవి, అందుకని ఆమె గీతను అక్కడ గీసుకున్నారు. కొత్త యంత్రం కొన్న రోజే ఆ సంఖ్యలను నోటుపుస్తకం చూసి ఇందులో ఎక్కించారు. యంత్రాన్ని రెండుసార్లు ఫ్యాక్టరీ అమరికలకు తెచ్చినప్పుడు కూడా, తెచ్చిన వెంటనే, తన సంఖ్యలను తిరిగి ఎక్కించారు. రీసెట్ అయింది యంత్రమే, పాత అలవాటు కాదు.

ఇక్కడ సంఖ్యల గురించి కొంత చెప్పాలి. పంపిన సిగ్నల్‌కూ తిరిగి వచ్చిన సిగ్నల్‌కూ మధ్య ఉండే ఆలస్యాన్ని, అంటే దశాభేదాన్ని, యంత్రం కొలుస్తుంది. ఆ ఆలస్యం లోహపు విద్యుద్వాహకతపైనే కాక దాని పరిమాణం, మందం, ఆకారంపైన కూడా, పంపిన ఫ్రీక్వెన్సీపైన కూడా ఆధారపడుతుంది. ఈ కొలతను ఏ అంకెల వరుస మీద పరచాలన్నది తయారీదారు ఇష్టం. అందువల్ల 80 అన్న సంఖ్య లోహానికి ఉండే గుణం కాదు. ఆ యంత్రం ఆ లోహానికి పెట్టుకున్న పేరు. రాగి 75, నికెల్ 25 శాతం కలిసిన నాణెంలో ఎక్కువ భాగం రాగే అయినా, దాని విద్యుద్వాహకత శుద్ధమైన రాగిలో ఇరవయ్యో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి అది ఏ యంత్రంలోనైనా రాగి కంటే చాలా కింద, అల్యూమినియం డబ్బాల మూత రింగుల దగ్గర్లో పలుకుతుంది. మరోవైపు పెద్దవీ చదునైనవీ అయిన ఇనుపు వస్తువులు, ఇనుమైనా, వరుసలో పై చివరన వెండిని దాటి పలకడం సర్వసాధారణం. ఈ రెండో సంగతే ఆమె 63 గుంతల కథ. కొత్త యంత్రంలో 78కి పైన మోగేవి పెద్ద వెండి నాణేలు, వాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా రేకు ముక్కలు, వంగిన పెద్ద మేకులు. రాగి నాణేలన్నీ గీతకు కింద గుర్రుమంటూ ఉన్నాయి. రెండు నాణేలూ వెండివే ఎందుకయ్యాయో, ఒక్క రాగి నాణెమూ ఎందుకు రాలేదో, మొదటి రోజు నా పత్రంలో ఉన్న ఆ వాక్యమే చెబుతోంది.

64 దగ్గరికి వెనక్కి వెళ్లాం. 12 సెంటీమీటర్ల లోతున రాగి నాణెం.

పరీక్ష మడి

ఒక నాణెం దొరకగానే సమస్య తీరిపోయిందనుకుంటే అది కూడా తొందరపాటే. నాకు తెలియవలసినవి ఇంకా రెండు ఉన్నాయి: ఈ యంత్రం ఏ నాణేన్ని ఏ సంఖ్యతో పిలుస్తుంది, ఇనుము పక్కన ఉన్నప్పుడు ఆ సంఖ్య ఏమవుతుంది. దీనికోసం లోహం లేదని ముందే వెతికి నిర్ధారించుకున్న కొంత నేలలో ఆమె నాణేలనే పాతిపెట్టాం. రాగివి 8, 14, 20 సెంటీమీటర్ల లోతుల్లో, వెండిది 14లో, రాగి–నికెల్‌ది 10లో, రాగిది ఒకటి నిలువుగా 10లో, మరొకటి 10లోనే బెత్తెడు దూరంలో మేకుతో కలిపి. కొత్తగా తవ్విన మట్టి గట్టిపడిన పాత మట్టిలా ప్రవర్తించదు కాబట్టి ఈ మడిలో వచ్చే లోతులను నేను నమ్మను. సంఖ్యలను, శబ్దపు తీరును తెలుసుకోవడానికి మాత్రం ఇది చాలు.

కొత్త యంత్రంలో రాగి నాణేలు 61 నుంచి 66 మధ్య, వెండిది చిన్నది కావడంతో 76 దగ్గర, రాగి–నికెల్‌ది 29 దగ్గర పలికాయి. 20 సెంటీమీటర్ల రాగి నాణెం సంఖ్య 55కీ 70కీ మధ్య ఊగిసలాడింది. లోతు పెరిగేకొద్దీ సంఖ్య చెదరడం సహజం, అందుకే లోతైన సిగ్నల్‌ను సంఖ్యతో కొట్టేయకూడదు. నిలువు నాణెం ఒక వైపు నుంచి ఊపినప్పుడు చక్కగా, అడ్డంగా తిరిగి ఊపినప్పుడు సగం సగంగా వినిపించింది. మేకు పక్కన ఉన్నది ఫ్యాక్టరీ రికవరీ స్పీడులో అసలు వినబడలేదు. స్పీడును రెండు మెట్లు పెంచితే ఇనుపు శబ్దం చివర చిన్న కీచులా వచ్చింది. డిస్క్రిమినేషన్‌లో ఇనుమును మూసేస్తే ఆ కీచు కూడా మాయమైంది. ఆమె మూడు రోజుల పాటు వాడిన అమరిక ఇదే.

ఈ చాటు సమస్య కొత్తది కాదు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ శరీరంలో దిగిన తూటాను కనిపెట్టడానికి అలెగ్జాండర్ గ్రాహం బెల్ తన ఇండక్షన్ బ్యాలెన్స్ పరికరాన్ని తెచ్చినప్పుడు, మంచంలోని ఉక్కు స్ప్రింగులు పరీక్షను గందరగోళపరిచాయి. తూటా దొరకలేదు. ఆ పరికరం పనిచేసేదే.

మడిలో తేలినదాన్ని బట్టి నాలుగు మార్పులు చేశాం. టోన్ బ్రేకును 78 నుంచి 24కు దించాం. ఇనుమును మూసేయడం మాని, దాన్ని సన్నని స్వరంతో వినిపించేలా పెట్టాం, ఎందుకంటే మేకు ఎక్కడుందో వినబడితేనే దాని అంచున మరొకటి ఉందేమోనని అనుమానించగలం. రికవరీ స్పీడును పెంచి, ఊపును నెమ్మది చేశాం. చివరిది, 6 అంగుళాల కాయిల్. చిన్న కాయిల్‌తో లోతు తగ్గుతుందని తెలిసీ దాన్ని ఎంచుకోవడానికి కారణం, నా మొదటి ఊహ స్థానంలో ఇప్పుడు మరో ఊహ వచ్చింది: మిగిలిన నాణేలు లోతున లేవు, చాటున ఉన్నాయి. ఈ ఊహ నిజమైతే దొరికే నాణేలు తక్కువ లోతుల్లోనే ఉండాలి, తప్పైతే చిన్న కాయిల్‌కు ఏమీ దొరకకూడదు. ఏదో ఒకటి తేల్చే పరీక్ష అది.

జెండాల పరీక్ష

రెండు యంత్రాలను పోల్చడానికి నేను నమ్మే పద్ధతి ఒకటే. తవ్వకముందే రెండింటి అభిప్రాయాలూ కాగితం మీదికి రావాలి. తవ్వాక అందరికీ ముందే తెలిసినట్టే ఉంటుంది.

ఆమె పాత యంత్రంతో 15 చోట్లను ఎంచుకుని జెండాలు నాటారు, తర్వాత మైదానంలోని వేరే భాగంలో కొత్త యంత్రంతో, చిన్న కాయిల్‌తో, మరో 15. ప్రతి జెండా దగ్గర రెండో యంత్రాన్ని నేను వాడాను. ఆమె రాసుకున్న సంఖ్యను నేను చూడలేదు. రెండు యంత్రాలూ దగ్గర దగ్గరగా నడిస్తే ఒకదానికొకటి అడ్డుపడతాయి కాబట్టి ఒకటి పనిచేసేటప్పుడు రెండోదాన్ని ఆపి ఉంచాం. ప్రతి చోటా సంఖ్య, అడ్డంగా తిరిగి ఊపినా శబ్దం నిలుస్తుందా లేదా, ఏమని ఊహిస్తున్నాం అన్నవి రాసుకున్నాకే పార పట్టాం. ఒక అరగంట పూర్తిగా వృథా అయింది, ఎందుకంటే నేను తెచ్చిన మొదటి జెండాల పుల్లలు ఇనుపతీగవి. వెదురు పుల్లలు చెక్కుకుని మళ్లీ మొదలుపెట్టాం.

పాత యంత్రం ఎంచిన 15 చోట్లలో నాలుగు నాణేలు వచ్చాయి. ఆ నాలుగింటినీ కొత్తది కూడా మంచివనే చెప్పింది. అది అనుమానించిన ఆరు చోట్లా ఇనుమే వచ్చింది. కొత్త యంత్రం ఎంచిన 15లో ఎనిమిది నాణేలు వచ్చాయి. వాటిలో మూడింటికే పాతది స్పష్టంగా పలికింది. మిగిలిన ఐదింటిలో నాలుగు జానెడు లోపు దూరంలో మేకు ఉన్నవి, ఒకటి నిలువుగా ఉన్నది. లోతులు చూస్తే ఎనిమిదింటిలో ఏడు 7 నుంచి 13 సెంటీమీటర్ల మధ్య ఉన్నాయి. నాలుగేళ్లు ఆ నేల మీద నడిచిన మనిషి పాదాల కింద, చేయి పెడితే అందేంత లోతులోనే అవి ఉన్నాయి. ఆమె పుస్తకంలో 15–18 సెంటీమీటర్ల నాణేలు కనిపించడానికి కారణం నాణేలు అక్కడే ఉండటం కాదు. ఆ లోతులో ఇనుము తక్కువగా ఉన్న చోట్లనే పాత యంత్రం పలకగలగడం. దొరికినవాటి లోతును బట్టి దొరకనివాటి లోతును ఊహించిన తప్పు నాది.

ముప్పై జెండాలు పెద్ద సంఖ్య కాదని, ఒక మైదానంలో ఒక రోజు వచ్చిన ఫలితమని నాకు తెలుసు. గాలి పరీక్షలో వచ్చిన 7 సెంటీమీటర్ల తేడా కంటే మాత్రం ఇది యంత్రం గురించి ఎంతో ఎక్కువ చెప్పింది.

ఆ తర్వాత

తర్వాతి ఆరు వారాల్లో ఆమె ఒక్కరే 22 గంటలు వెతికి 17 నాణేలు తీశారు. ఒక నాణేనికి గుంతలు ఐదు. వాటిలో 12 రాగివి, అంటే నేల తన పాత నిష్పత్తికి తిరిగి వచ్చింది. పాత యంత్రాన్ని అమ్మలేదు. కరెంటు తీగల అంచున కొత్తదానికంటే అదే నిశ్శబ్దంగా నడుస్తోందని, అక్కడ దాన్నే వాడుతున్నారు. ఇది నేను ఊహించనిది.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో కొన్ని మార్పులు చేసుకున్నాను. కొత్త యంత్రం తెచ్చినవారిని "ఏం దొరికింది" అని అడిగే ముందు "ఏం వదిలేశారు" అని అడుగుతున్నాను, వీలైతే పక్కన నడిచి చూస్తున్నాను, ఎందుకంటే వదిలేసినవి ఎవరి పుస్తకంలోనూ ఉండవు. పాత యంత్రపు సంఖ్యలు కొత్తదానిలోకి ఎక్కాయేమో అమరికల్లో చూస్తున్నాను. గాలి పరీక్షను పరికరం ఆరోగ్యం తెలుసుకోవడానికే వాడుతున్నాను, లోతు గురించి దానితో ఒక్క మాటా చెప్పడం లేదు. కాయిల్ మార్చమనే ముందు ఒక ఊపుకు ఎన్ని ఇనుపు శబ్దాలో లెక్కపెట్టిస్తున్నాను. దొరికినవాటిలో ఏ లోహం లేదో కూడా ఇప్పుడు నా పత్రంలో ఒక ప్రత్యేకమైన గడి. ఇటీవలి కాలపు నాణేల కోసం వెతికేవారికి మాత్రం ఇంకొక హెచ్చరిక చేస్తాను: ఒకటి, రెండు, ఐదు యూరో సెంట్ల వంటి నాణేలు రాగి పూసిన ఉక్కుతో చేసినవి. రాగి నాణేల సంఖ్యలను నమ్ముకుంటే అవి జారిపోవచ్చు, వాటికి మడిలో విడిగా పరీక్ష పెట్టాలి.

ఈ ఫలితాలు ఇనుము నిండిన పొడి నేలకు వర్తిస్తాయి. ఉప్పునీటితో తడిసిన సముద్రపు ఇసుకలో నేలే లోహంలా పలుకుతుంది; అక్కడ గ్రౌండ్ బ్యాలెన్స్, ఫ్రీక్వెన్సీల ఎంపిక ముందుకు వస్తాయి, చిన్న కాయిల్ వాదన ఇలాగే నిలుస్తుందని నేను చెప్పను.

జెండాల పరీక్షలో 22వ చోటు మా ఇద్దరి పత్రాల్లోనూ ఖాళీగా ఉంది. రెండు యంత్రాలూ అక్కడ అటూ ఇటూ ఒకేలా రాగి అన్నాయి. 30 సెంటీమీటర్లు తవ్వేసరికి సిగ్నల్ పోయింది, గుంతలోనూ బయటపోసిన మట్టిలోనూ గుంతలో వస్తువు ఎక్కడుందో చూపే చేతి పరికరం పిన్‌పాయింటర్‌కు ఏమీ పలకలేదు. పచ్చిక పెళ్లను తిరిగి సర్ది, ఆ గడిలో ఆమె ఒక ప్రశ్నార్థకం పెట్టుకున్నారు.